పేచీ మేస్త్రీ నోరెత్తని వారం

పేచీ మేస్త్రీకి ఉన్నది ఒకే ఒక్క గుణం, పేచీ. ఎదుటివాడు అవునంటే "ఎలా అవును?" అనేవాడు. కాదంటే "ఎందుక్కాదు?" అనేవాడు. పోనీ గొడవెందుకులే అని ఊరుకుంటే, "ఏం, నేను మాట్లాడదగ్గ మనిషిలా కనిపించట్లేదా?" అని దానికీ పేచీ పెట్టేవాడు.

పురపాలక సంఘం నీటి సరఫరా విభాగంలో ఫిట్టర్ల మీద మేస్త్రీ ఆయన. ఊళ్లో ఎక్కడ పైపు పగిలినా, ఎవరింటి కొళాయి మొరాయించినా ఆయన రావలసిందే. ఆయన వస్తే పేచీ రావలసిందే.

"కొళాయి చుక్కచుక్కా కారుతోందండీ."

"చుక్కకే కబురు పెట్టేస్తారా? ఊరంతా ఇలాగే చుక్కలు లెక్కబెడితే నేనెన్ని ఇళ్లకి తిరగాలి?"

"సరే, ధార కట్టాకే చెబుతాం లెండి."

"ధార కట్టేదాకా చూస్తూ కూర్చుంటారా? నీళ్లంటే అంత అలుసా?"

ఇంటాయన ఒళ్లు మండి గొంతు పెంచేవాడు. మేస్త్రీ ఇంకాస్త పెంచేవాడు. ఇరుగుపొరుగు గోడల మీదకి వచ్చేవారు. తీరా ఇంటాయన అరిచి అరిచి ఆయాసపడి కొళాయి వైపు చూస్తే, అది ఎప్పుడో బాగైపోయి బుద్ధిగా కూర్చుని ఉండేది. మేస్త్రీ నోటికీ చేతులకీ సంబంధం లేదు. నోరు పేచీలో ఉండగా చేతులు వాషరు మార్చేసేవి.

ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "ఏమిటి బాధ?" అని అడిగాడు డాక్టరు. "అదీ నేనే చెప్పేస్తే ఇక మీరు చదివిందేమిటి?" అన్నాడట. ఇద్దరూ కలబడి వాదించుకుంటుంటే ఆ వేడికి ఈ వేడి దిగిపోయిందని చెప్పుకునేవారు.

ఈ కథలన్నీ ఒక ఇల్లాలికి భర్త చెప్పగా తెలుసు. ఆయన అదే విభాగంలో గుమాస్తా. ఫిర్యాదుల టెలిఫోను ఆయన బల్ల మీదే ఉండేది. ఎవరే వీధి నుంచి ఏం మొరపెట్టుకున్నా విని, మేస్త్రీని పిలిచి పంపించడం ఆయన పని. పంపించడమంటే మాటలా? ప్రతి పనికీ ఒక పేచీ. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే ఆనాటి పేచీని రెండు గొంతులతో ఆడి చూపించేవాడు. కూతురు పొట్ట పట్టుకుని నవ్వేది. అత్తగారు "ఆ మేస్త్రీ నా చేతికి చిక్కితే" అంటూ తనూ నవ్వేది. మేస్త్రీని ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు గానీ, ఆయన దగ్గు ఎలా ఉంటుందో కూడా అందరికీ తెలుసు.

ఒకరోజు ఆ గుమాస్తా టెలిఫోను పెట్టేసి, బల్ల మీద తల వాల్చి, మరి ఎత్తలేదు.

ఆయన్ని భుజాన వేసుకుని మెట్లు దింపింది మేస్త్రీయే. ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు వేళ కాదని అడ్డుపడితే, పుట్టి బుద్ధెరిగాక పడనంత పేచీ పడ్డాడట. కాపలావాడు తప్పుకున్నాడు. లోపల పేచీ పడదామంటే ఎవరూ మిగల్లేదు. అంతా అయిపోయింది.

కొన్నాళ్లకి, పోయినవాడి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి ప్రకారం, ఆ కుర్చీ ఆమెకే ఇచ్చారు.

మొదటిరోజు ఆమె గదిలోకి అడుగుపెట్టగానే, అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లు నవ్వులు గభాలున దాచేశారు. అందరూ లేచి నిలబడ్డారు. అటెండరు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పక్కన ఒక నిట్టూర్పు కూడా పెట్టి వెళ్లాడు. టైపిస్టమ్మ ఆమెను చూసినప్పుడల్లా కళ్లొత్తుకునేది. ఎవరైనా ఏదైనా అడిగితే రోగి పక్కన మాట్లాడినట్టు గొంతు తగ్గించి అడిగేవారు. వాళ్లది మంచితనమే. కాదనలేం. కానీ వాళ్ల మొహాలు చూసినప్పుడల్లా ఆమెకి తన మొహం గుర్తొచ్చేది.

ఇంట్లోనూ అంతే. అత్తగారు కోడలి ముందు ఏడవదు. కోడలు అత్తగారి ముందు ఏడవదు. కూతురు ఇద్దరి ముందూ అల్లరి చెయ్యదు. ఆయన పేరెత్తితే ఎవరికి ఏమవుతుందోనని ముగ్గురూ ఆ పేరు చుట్టూ తిరిగి నడిచేవారు.

అలా ఆమె తలొంచుకుని కూర్చుని ఉండగా మేస్త్రీ వచ్చాడు. పొట్టిగా, నెరిసిన తలతో, చేతిలో పైపు రెంచితో. చూడగానే పోల్చుకుంది. ఏదో ఓదార్పు మాట చెబుతాడనుకుని కొంగు కళ్ల దాకా తెచ్చుకుంది కూడా.

"అమ్మా, ఆ కుర్చీ జరపండి."

"ఎందుకండీ?"

"నా దారికి అడ్డం. మీ ఆయనకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది గానీ ఆయన వింటేగా! మీరైనా వింటారా, లేకపోతే కుర్చీతో పాటు ఆ మొండితనమూ ఇచ్చారా మీకు?"

టైపిస్టమ్మ "రామరామ" అంది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొంగు కిందకి జారిపోయింది.

"పక్కన బోలెడంత చోటుందిగా! అక్కడ పట్టకపోతే మీరే అడ్డంగా తిరిగి వెళ్లండి!"

"ఓహో," అన్నాడు మేస్త్రీ. అడ్డంగా తిరిగే వెళ్లాడు.

అది మొదలు. రోజూ ఏదో ఒకటి. ఆమె బల్ల మీద మంచినీళ్ల సీసా పెట్టుకుంటే "నీళ్ల శాఖలో పని చేస్తూ ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకుంటారా? మా నీళ్ల మీద నమ్మకం లేదా?" అనేవాడు. వాల్వు ఉన్న వీధి తప్పు చెబితే "మెయిన్ లైనంటే బస్సు అనుకున్నారా, ఎక్కడంటే అక్కడ ఆగడానికి?" అని గోల చేసేవాడు. ఆయనకి జవాబు చెప్పడం కోసమే ఆమె గోడ మీది పైపు లైన్ల పటం ముందు నిలబడి, ఏ ట్యాంకు నుంచి ఏ లైను ఎటు పోతుందో వేలు పెట్టి నేర్చుకుంది. ఒకరోజు మార్కెట్టు వెనక రోడ్డంతా తడిసిపోతుంటే, లీకు మలుపులో ఉందన్నాడు మేస్త్రీ. కాదు, బడి గోడ పక్కన ఉందని ఆమె పట్టుబట్టింది. తవ్వితే బడి గోడ పక్కనే దొరికింది.

"ఏదో గుడ్డిగా తగిలింది," అన్నాడు మేస్త్రీ. కానీ ఆ పూటంతా ఆయన మొహం మాత్రం పెళ్లి కుదిరినట్టు ఉందని ఫిట్టర్లు చెప్పుకున్నారు.

అంతా ఇలాగే పోయేదేమో. ఒకరోజు ఆమె ఏదో పొరపాటు చేస్తే, మేస్త్రీ రెంచి ఊపుతూ అన్నాడు:

"మీరు నయం. మీ ఆయనైతేనా! ఒకసారి ఫిట్టర్లెవరూ లేక ఆయన్నే వాల్వు కట్టెయ్యమంటే ఇంకా తెరిచి పెట్టాడు మహానుభావుడు. కలెక్టరు బంగళా ముందు ఫౌంటెను లేచింది! గొడుగు పట్టుకుని వెళ్లాను నేను! దానికి వాదన కూడానూ, 'వాల్వే ఎడంచేతి వాటంది' అని!"

ఆమె చటుక్కున లేచి నిలబడింది.

"పోయిన మనిషిని పట్టుకుని ఇలాగా మాట్లాడేది? మీకు మనసనేది ఉందా?"

ఆ మాట ఇంజనీరుగారి గది దాకా వినబడింది. ఆయన బయటికొచ్చి, అందరి ముందూ మేస్త్రీని ఉతికి ఆరేశాడు. "ఆవిడ బాధలో ఆవిడుంటే నీ గోలేమిటి? ఇంకోసారి ఆవిడ దగ్గర నోరెత్తావంటే ఊరవతల పంపుహౌసుకి పంపించేస్తాను!"

గదంతా చెవులు రిక్కించుకుంది, ఇంజనీరుతో పేచీ ఏ రేంజిలో ఉంటుందోనని. మేస్త్రీ తల దించుకున్నాడు.

"అలాగేనండి," అన్నాడు.

ఆ మాట ఆ నోట్లోంచి రావడం ఆ ఆఫీసులో ఎవరూ విని ఎరగరు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి, ఉక్రోషం పట్టలేక అత్తగారితో చెప్పేసింది. "ఆయన్ని పట్టుకుని ఎంతంత మాటలన్నాడో చూడండత్తయ్యా. వాల్వు కట్టెయ్యమంటే తెరిచి పెట్టాడట. పైగా వాల్వుదే తప్పని వాదించాడట."

అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆమె గబగబా దగ్గరికి వెళ్లింది. ముసలావిడ నవ్వుతోంది.

"వాడంతేనే," అంది. "చిన్నప్పుడు తలుపు గడియ కూడా తిరగేసే వేసేవాడు. లోపలుండిపోయి, తలుపుదే తప్పనేవాడు." నవ్వు నవ్వుగానే ఉండగా కళ్లలో నీళ్లు తిరిగాయి. "వచ్చినవాళ్లందరూ నీ కొడుకు దేవుడమ్మా, దేవుడమ్మా అని వెళ్లారు. దేవుడితో నాకేం పని? నా కొడుకు కావాలి నాకు. గడియ వెయ్యడం రాని నా కొడుకు."

కూతురు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఇంకేమన్నాడు నాన్నని?" అంది ఆశగా.

ఆ రాత్రి ముగ్గురూ ఒకరి ముందొకరు ఏడ్చారు.

మర్నాటి నుంచి మేస్త్రీ వచ్చి, ఆమె చెప్పింది విని, "సరేనమ్మా" అని వెళ్లేవాడు. ఆఫీసు ఉప్పులేని కూరలా తయారైంది. టెలిఫోనులో కొత్తరకం ఫిర్యాదులు మొదలయ్యాయి.

"అమ్మా, మీ మేస్త్రీకి ఒంట్లో బాగాలేదా?"

"ఏమైందండీ?"

"వచ్చాడు, కొళాయి బాగుచేశాడు, వెళ్లాడు. మాట్లాడితే ఒట్టు. మావల్లేమైనా తప్పు జరిగిందేమోనని మా ఇంట్లో ఒకటే కంగారు."

ఇంటికి వెళ్తే అత్తగారు గుమ్మంలోనే అడిగేది. "ఇవాళేమన్నాడు?"

"ఏమీ అనలేదత్తయ్యా."

ముసలావిడ మొహం వాడిపోయేది. అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. ఆయన పోయాక ఇన్నాళ్లుగా ఆయన గురించి, బతికున్న మనిషి గురించి మాట్లాడినట్టు, తప్పులెంచి మాట్లాడినవాడు ఊరు మొత్తం మీద మేస్త్రీ ఒక్కడే. ఆ ఒక్క నోరూ తనే మూయించింది.

వారం గడిచాక, భోజనాల వేళ ఆమె ఆఫీసు వెనక నీళ్ల ట్యాంకు కిందికి వెతుక్కుంటూ వెళ్లింది. మేస్త్రీ ఒక్కడే పైపు మీద కూర్చుని ఉన్నాడు. క్యారేజీ మూత తీసి ఉంది గానీ తిన్న జాడ లేదు.

"మేస్త్రీగారూ, ఫౌంటెను ఎంత ఎత్తు లేచింది?"

ఆయన తలెత్తలేదు. "ఇంజనీరుగారు వద్దన్నారమ్మా."

"ఇంజనీరుగారి మాట మీరెప్పుడు విన్నారు గనక?"

"ఆయన మాటకి కాదమ్మా. మీ కళ్లల్లో నీళ్లు చూశాను." కాసేపు రెంచిని అటూ ఇటూ తిప్పాడు. "నాకు ఓదార్చడం రాదు. మా ఇంటిది పోయినప్పుడు అందరూ వచ్చి చెయ్యి పట్టుకుని గొణిగి వెళ్లారు. ఎవరేమన్నారో ఒక్కటీ చెవికెక్కలేదు. మూడు పూటలు ముద్ద దిగలేదు. మీ ఆయనొచ్చి గుమ్మంలో నిలబడి, 'ఏమయ్యా, స్పానరు గుంతలో వదిలేసి వచ్చావే, అది నీ తాత సొత్తా?' అని ఎగిరాడు. అంత కోపం వచ్చింది నాకు! లేచి మీద పడ్డాను. అరుచుకున్నాం. అరిచాక ఆకలేసింది. అప్పుడాయన అన్నం పెట్టించి, ఎదురుగా కూర్చుని తినిపించాడు. ఆ విద్య ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనకి వచ్చినంత బాగా నాకు రాలేదు. ఎక్కడ ఆపాలో తెలీలేదు."

ఆ సంగతి భర్త ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆడి చూపించిన పేచీల్లో అది లేదు.

ఆమె కళ్లు తుడుచుకుని, క్యారేజీని మేస్త్రీ ముందుకి తోసింది.

"అంటే మా ఆయన దగ్గర నేర్చుకుని, మా ఆయనకి ఏమీ రాదంటారా? ముందు తినండి. తిన్నాక సమాధానం చెప్పండి."

మేస్త్రీ మొహంలో చాలా రోజులకి రక్తం తిరిగింది. "తినకపోతే ఏం చేస్తారు?" అన్నాడు, ముద్ద కలుపుతూ.

ఆ మర్నాడు ఆఫీసులో ఎవరూ ఊహించనిది జరిగింది. అత్తగారు వచ్చింది. కొడుకు పోయాక ఇల్లు కదలని మనిషి, మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, గది మధ్యలో నిలబడి, "ఇక్కడ మేస్త్రీ ఎవరు?" అంది.

మేస్త్రీ రెంచి కింద పెట్టి లేచాడు.

"నువ్వేనా? మావాడికి వాల్వు కట్టడం రాదని ఊరంతా చాటుతున్నావట. పక్కన ఏళ్లకేళ్లు ఉన్నావు కదా, నువ్వు నేర్పలేకపోయావా?"

మేస్త్రీ నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. చప్పుడు విని బయటికొచ్చిన ఇంజనీరుగారు ఏమనాలో తెలియక ఆవిడకి కుర్చీ వేయించారు.

ఆవిడ కూర్చుని, మనవరాలిని ఒళ్లోకి లాక్కుని, "చెప్పు," అంది. "ఇంకా ఏమేం తప్పులు చేశాడో అన్నీ చెప్పు. ఒక్కటి దాచావంటే ఊరుకోను."

మేస్త్రీ స్టూలు లాక్కుని మొదలుపెట్టాడు. రెండో మాట దగ్గరే ఆవిడ, మావాడు అలాంటివాడు కాదంది. నేను కళ్లారా చూశానన్నాడు మేస్త్రీ. కనడం నేను కన్నానంది ఆవిడ. అటెండరు టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. టైపిస్టమ్మ కళ్లొత్తుకుంటూనే నవ్వుతోంది.

టెలిఫోను మోగింది. ఆమె ఎత్తి, రెండో చెవి మూసుకుంది.

"కాస్త గట్టిగా చెప్పండి. ఇక్కడ మా అత్తగారూ మా మేస్త్రీగారూ పోట్లాడుకుంటున్నారు... లేదండీ, ఎవరూ ఆపక్కర్లేదు. మీ కొళాయికి ఏమైందో చెప్పండి."