మా ఆయన సాక్ష్యం

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరిగి మా ఆయన బతికి బయటపడినప్పుడు, ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకుంటామని దేవుడికి మాట ఇచ్చాం. సంఘాన్ని ఇంటికి పిలిచి, పాటలు పాడుకున్నాక, బాగుపడిన మనిషి లేచి ప్రభువు తనకు ఏం చేశాడో నోరారా చెప్పాలి. దాన్నే మేము సాక్ష్యం అంటాం. జమ్మలమడుగులో ఇంటికి చేరిన మరునాటికే ఆయన సిద్ధం. సిద్ధంగా లేనిది నేనే.

నా బాధంతా నేల గురించి. మా ఇంట్లో ఉన్నవి పెచ్చులూడిన పాత కడప బండలు. అంతకు ముందే పులివెందులలో మా ఆడబిడ్డ కూటం పెట్టింది. ముఖం కనిపించేంత నున్నటి టైల్స్, వీధి పొడుగునా షామియానా, వచ్చినవాళ్ళందరికీ మటన్ పలావు. నేను తగ్గుతానా? టైల్స్ వేయించాకే కూటం అన్నాను.

"ఏమ్మే, వచ్చేవాళ్ళు నేల చూస్తారా? చాపలు పరిచి, టీ పోసి పంపిద్దాం," అన్నాడు ఆయన.

"నువ్వు ఊరికుండు. నీకేం తెల్దు."

టైల్స్ వచ్చాయి, మేస్త్రీ రాలేదు. మేస్త్రీ దొరికేసరికి ఎండలు ముదిరాయి. ఎండలు తగ్గాక చుట్టాల పెళ్ళిళ్ళు.

ఉండబట్టలేక ఆయన నాకే చెప్పబోయేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెల్లగా మొదలుపెట్టేవాడు. "ఆపరేషన్ గదిలోకి తీసుకపోతాంటే శానా భయమేసింది. అప్పుడు ప్రభువును ఒకటి అడిగినా..."

"అంతా ఇప్పుడే చెప్పేస్తే ఆ పొద్దు ఏం చెప్తావు?" అంటూ నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆయన నవ్వేసేవాడు.

చివరికి మేస్త్రీ సగం గదికి టైల్స్ పరిచాడు. ఆ వారంలోనే, ఒక ఉదయం ఆయన నిద్ర లేవలేదు.

మనిషి బతుకు ఆవిరిలాంటిదన్న బైబిల్ మాటను స్త్రీల కూడికలో మైకు పట్టుకుని చదివి వినిపించినదాన్ని నేను. ఆ మాట ముసలివాళ్ళ కోసం రాశారని అనుకున్నాను కాబోలు. రోజులు బీరువాలో మడతపెట్టిన చీరలనీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చనీ నా ధీమా. దేవుడు తిరిగి ఇచ్చిన మనిషిని ఎదురుగా పెట్టుకుని మేస్త్రీ కోసం వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఎవరు మాట మొదలుపెట్టినా చేతిలో పని వదిలి వింటాను. ఈ తెలివి అప్పుడే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

చివరికి మా ఇంట్లో జరిగింది, పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూటం. సంఘమంతా వచ్చి సగం మంది బండల మీద, సగం మంది టైల్స్ మీద కూర్చున్నారు. ఎవరూ నేల వంక చూడలేదు. పాట అయ్యాక పాస్టరు అయ్యగారు నా వైపు తిరిగారు.

"అమ్మా, సాక్ష్యం చెప్పాలని ఆయనకు శానా ఆశ ఉన్నింది. ఆయన బదులు నువ్వు చెప్పు, వింటాం."

లేచి నిలబడ్డాను. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే ఆయనకు చాలా భయమేసిందని చెప్పాను. అప్పుడు ప్రభువును ఒకటి అడిగాడని చెప్పాను. అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. ఏం అడిగాడో నాకు తెలియదు.