బంగ్లా అని రాశాను

మా దవాఖాన నర్సు పెద్ద సిస్టర్ పోయిందన్న కబురు నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఫోను చూస్తే ఆమె ఫొటో, కింద పూలదండ బొమ్మ, దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. ఒకాయన 'సేవామూర్తి' అని రాశాడు. ఇంకొకాయన 'మన ప్రాంతానికి తీరని లోటు' అన్నాడు. నేను నోరు కడుక్కుని, అన్నం డబ్బా సర్దుకుని డ్యూటీకి పోయాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పన్ను పీకే ముందు ఇచ్చే సూది తర్వాత చెంప ఎట్లా ఉంటుందో, లోపలంతా అట్లా ఉంది.

ఆమె ఏ జబ్బుతో పోయిందో నాకు తెలుసు. సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడు కూడా పక్కనున్నామె నా మోచెయ్యి గిల్లి, "ఏమైందంటనే? షుగరా, గుండెనా?" అని అడిగింది. "పోయింది, అంతే" అన్నాను. మీకూ చెప్పను. ఆమె పేరు రాయను, మేము పని చేసిన దవాఖాన పేరూ రాయను. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక చిన్న దవాఖాన, అది చాలు. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నేను ఇంటర్ సగంలో ఆపేసినదాన్ని. ఫోనులో వీడియోలు చూసి టైపింగు నేర్చుకుని, ఓపీ కౌంటరులో చిట్టీలు రాసే పనిలో చేరాను. టోకెన్ నంబరు, పేరు, వయసు, ఊరు, బాధ. పొడుగు రిజిస్టరులో ఈ ఐదు గడులు నింపి చిట్టీ చింపి ఇవ్వాలి. మనవాళ్లకు ఎవరు కనపడ్డా మొదటి ప్రశ్న 'ఏ ఊరు?' కదా. బస్సులో పక్క సీటు మనిషినైనా అదే అడుగుతాం. నేనూ కిటికీ వెనక నుంచి గొంతు చించుకుని అదే అడిగేదాన్ని. మూడో రోజు పెద్ద సిస్టర్ ఇంజెక్షన్ గదిలోంచి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఓ పిల్లా, చిట్టీలు రాస్తున్నవా, టికెట్లు కొడుతున్నవా?"

"ఊరు అడుగుతున్న సిస్టరమ్మా."

"అవ్, ఇన్న. యాచారం దాంక ఇనొచ్చింది."

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మండింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, ఈసారి నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది. "ఊరంటే యాడ పుట్టిండు, ఎవరి కొడుకు అని గాదు. ఇయ్యాల మన మందేసుకొని యాడ పండుకుంటడో గది రాయాలె. రేపు జ్వరం ఎక్కువైతె మనం పోయేది గక్కడికే. అంతకన్న ఎక్కువ మనకెందుకు?"

ఆ మాట నేను అక్షరం పొల్లు పోకుండా పాటించాను. పాటించే తప్పు చేశాను. దాని సంగతి చెప్తాను.

ముందు ఆమె ఎట్లా పని చేసేదో చెప్పాలి. మా దిక్కు చిన్న దవాఖానలో గుట్టు అనేది ఉండదు. క్యూలో ముందు మేనత్త ఉంటుంది, వెనక పక్కింటామె ఉంటుంది. ఇంజెక్షన్ గది తలుపు సరిగ్గా పడేది కాదు. ఆమె తన పాత చీరను రెండు మడతలు వేసి కుట్టి అడ్డం కట్టింది. బరువు చూసేటప్పుడు ముల్లు ముందు చెయ్యి అడ్డం పెట్టేది. తెమడ పరీక్షకు డబ్బా ఇవ్వాల్సి వస్తే పేపర్లో చుట్టి దారం కట్టి, బేకరీలో బిస్కెట్లు కట్టినట్టు ఇచ్చేది. పట్టుకుపోయే మనిషి తల దించుకోకుండా పోయేవాడు.

ఒకసారి ఒక అత్తగారు వచ్చి నిలదీసింది.

"మా కోడలు నిన్న ఏం మాత్రలు తీస్కపోయింది సిస్టరమ్మా?"

"నీ మోకాళ్లకు నేనేం ఇచ్చిన్నో నీ కోడలికి చెప్పిన్నా?"

"నా మోకాళ్లల్ల దాచేదేముంది?"

"గట్లనా? పోయినసారి నువ్ ఇంకోటి గూడ అడిగినవ్ గద. మైకుల చెప్పమంటవా?"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ వెనక్కి తిరిగింది. మళ్లీ ఎప్పుడూ కోడలి మాత్రల గురించి అడగలేదు.

ఇప్పుడు నా తప్పు. బొంగులూరు దిక్కు ఒక వెంచర్‌లో, కొనేవాళ్లకు చూపించడానికి రెండంతస్తుల ఇల్లు కట్టారు. చుట్టూ ఖాళీ ప్లాట్లు, మధ్యలో అదొక్కటే తెల్లగా నిలబడి ఉండేది. ఆటోవాళ్ల నుంచి మేకలు కాసేవాళ్ల దాకా అందరూ దాన్ని 'బంగ్లా' అనేవాళ్లు. బంగ్లా కాడ ఆపు, బంగ్లా దాటినంక దిగుత. దాని వెనక రేకుల షెడ్లలో సెంట్రింగ్ పనివాళ్లు ఉండేవాళ్లు. తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం, తమలో తాము ఇంకేదో భాష మాట్లాడుకునేవాళ్లు. జ్వరాలొస్తే మా దగ్గరికే వచ్చేవాళ్లు. మందు వేసుకుని ఎక్కడ పడుకుంటారు? బంగ్లా కాడ. కాబట్టి ఊరు గడిలో 'బంగ్లా' అని రాశాను. ఒకే పేజీలో పదకొండు మందికి అట్లాగే రాశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో.

ఒకరోజు చాయ్ తాగడానికి లేచినప్పుడు రిజిస్టరు కిటికీ వైపు తెరిచే ఉంచాను. క్యూలో ఎవరో ఫొటో తీశారు. సాయంత్రానికి ఆ పేజీ కాలనీ గ్రూపులో ఉంది. పైన 'మన దవాఖానలో బంగ్లాదేశోళ్లకు మందులు' అని రాసి. పేర్లు, వయసులు, ఎవరికి ఏ బాధో అన్నీ కనపడుతున్నాయి. ఆ పదకొండు మందివే కాదు, అదే పేజీలో ఉన్న మన ఆడవాళ్ల బాధలు కూడా. అది ఒక్కరికీ పట్టలేదు. ఫొటోను ముందుకు తోసినవాళ్లలో 'తీరని లోటు' ఆయన కూడా ఉన్నాడు. ఇప్పుడు చేతులు జోడించే బొమ్మలు పెడుతున్నాడు. పెట్టుకోనీ.

రెండు రోజులకు ముగ్గురు వచ్చారు. ఒకరు ఖాకీలో, ఇద్దరు మామూలు బట్టల్లో. ఏ ఆఫీసు నుంచో చెప్పలేదు. ఖాకీ ఆయన తన ఫోనులో ఆ ఫొటో చూపించి అడిగాడు.

"ఈ చేతిరాత ఎవరిది?"

"నాదే సార్."

"బంగ్లాదేశోళ్లని నువ్వే రాసినవ్ గద మరి."

నాకు కోపం వచ్చింది. తప్పు చేయలేదని అక్కడికక్కడ చూపించాలన్న కోపం. నా కోపం ఎప్పుడూ నాకన్నా ముందు నోట్లోంచి దూకుతుంది.

"బంగ్లాదేశ్ గాదు సార్! గది బంగ్లా. బొంగులూరు వెంచర్ల తెల్లిల్లు లేదా, గది. వాళ్లు దాని ఎనుక రేకుల షెడ్లల్ల ఉంటరు. గందుకే గట్ల రాసిన!"

ఖాకీ ఆయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన ఫోనులో ఏదో రాసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. అంతదాకా వాళ్ల దగ్గర ఒక మాట మాత్రమే ఉంది. చోటు నేను చెప్పాను.

పెద్ద సిస్టర్ చేతి గ్లవుజులు విప్పుకుంటూ వచ్చింది. నా ముందున్న రిజిస్టరు మూసి తన చంకలో పెట్టుకుంది.

"రిజిస్టర్ ఇయ్యమ్మా, చూసి ఇస్తం," అన్నాడు ఖాకీ ఆయన.

"దీంట్ల రోగాలున్నయి సార్. ఎవరి రోగం వాళ్లది. మీకేం గావాల్నో కాయితం మీద రాసి, సంతకం ముద్ర పెట్టి డాక్టరమ్మకియ్యుండ్రి. ఆమె చూస్తది."

"వాళ్లు ఎక్కడోళ్లో నీకు తెల్వదా?"

"తెల్వదు. అడగలె. అడిగితె తెలుస్తది, తెలిస్తె మీరొచ్చి అడుగుతరు."

"దేశం గురించి జర ఆలోచించమ్మా."

"ఆలోచిస్త సార్. క్యూల ముప్పై మంది నిలబడ్డరు, వాళ్ల బీపీలు చూసినంక ఆలోచిస్త. మీరు జర పక్కకు జరుగుండ్రి, ముసలామెకు గాలి ఆడ్తలేదు."

వాళ్లు వెళ్లిపోయారు. కాగితం రాసిస్తామన్నారు గానీ ఇవ్వలేదు. ఉత్త చేతులతో పోయారని స్టాఫంతా సంబరపడ్డారు. ఉత్త చేతులతో పోలేదు. అది నాకూ, ఆమెకూ తెలుసు.

సాయంత్రం ఆమె దగ్గరికి పోయి, "సిస్టరమ్మా, నన్ను తిట్టు" అన్నాను. "తిడితె నీ పాణం హాయిగైతది. నాకేమొస్తది?" అంది. ఖాళీ మందుల పెట్టె అట్ట తీసుకుని కత్తెరతో మధ్యలో సన్నగా కోసింది. రిజిస్టరు మీద పెడితే రాస్తున్న ఒక్క వరస తప్ప మిగతా పేజీ కనపడదు. ఊరు గడి ఆ రోజుతో కౌంటరులో ఆగిపోయింది. అది డాక్టరమ్మ గదిలోనే రాస్తారు ఇప్పుడు. ఆ అట్ట చూసి పేషెంట్లు పరీక్ష రాస్తున్నవా అని నన్ను ఆటపట్టిస్తారు.

షెడ్లవాళ్లు రావడం మానేశారు. వాళ్లలో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె ఉంది. కాళ్లు వాచి, బీపీ ఎక్కువై, దవాఖాన కార్డు మీద పెద్ద సిస్టర్ ఎర్ర పెన్నుతో చుక్క పెట్టిన మనిషి. అట్లా వదిలేస్తే ఫిట్స్ వస్తాయి, తల్లీబిడ్డా ఇద్దరూ పోవచ్చు. ఆమె రావాల్సిన సోమవారం రాలేదు.

పెద్ద సిస్టర్ ఆ మర్నాడు డ్యూటీ దిగి, బీపీ మిషను కూరగాయల సంచిలో వేసుకుని, షేర్ ఆటో ఎక్కి బొంగులూరు పోయింది. ఆమె తెల్ల చీర దూరం నుంచి చూసి అందరూ లోపలికి పోయి తలుపు రేకులు దగ్గరికి లాక్కున్నారు. రెండోసారి పూల చీర కట్టుకుని, నన్ను వెంట తీసుకుపోయింది. "నువ్ నోరు తెరువకు" అని ఆటోలోనే చెప్పింది. ఆ ఒక్కసారే తిట్టినట్టు అనిపించింది.

ఆ రోజు గర్భిణి తలుపు తీసింది. తిరగేసిన సిమెంటు తట్ట మీద కూర్చుని చెయ్యి చాపింది. బీపీ చూస్తున్నంతసేపూ నా చేతుల వైపే చూసింది, పెన్ను ఉందేమోనని.

"నామ్ లిఖ్నా?" అంది. పేరు రాయాలా అని.

"నక్కో బేటీ. నంబర్ బస్," అంది పెద్ద సిస్టర్. అక్కర్లేదు, టోకెన్ నంబరు చాలు అని. మాత్రలు ఇచ్చి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో సూర్యుడి వైపు వేలు చూపించి చెప్పింది. తన ఫోను నంబరు కార్డు వెనక రాసింది. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా ఫోను చెయ్యమంది. శుక్రవారం వస్తానని ఆమె తలూపింది.

శుక్రవారం ఓపీ మూసేదాకా చూశాం. రాలేదు. ఇద్దరం పోయాం. షెడ్ల ముందు ఎవరూ లేరు. మూడు రాళ్ల పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. బంగ్లా వాచ్‌మన్ బీడీ ఆర్పి వచ్చాడు.

"పొద్దుగాల పోలీసోళ్లొచ్చి ఆధార్ కార్డులు అడిగిండ్రమ్మా. ఉన్నోళ్లు చూపెట్టిండ్రు. లొల్లి ఎందుకని మేస్త్రీ అందర్ని ఎళ్లిపొమ్మన్నడు. లారీ ఎక్కిండ్రు."

"కడుపుతోని ఉన్నామె?"

"ఆమె గూడ."

"ఎటు దిక్కు పోయిండ్రు?"

"ఎవరికెరుక?"

వాళ్లలో ఎవరు ఎక్కడివాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకరిద్దరు సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఉన్నారేమో, అదీ తెలియదు. కార్డు ఉన్నా లేకున్నా ఆమె బీపీ మాత్రం అంతే. ఫోను నంబరు అడగలేదు కాబట్టి, సొంత ఊరు అడగలేదు కాబట్టి, వెతకడానికి మా దగ్గర కూడా రిజిస్టరులో పేరు తప్ప ఏమీ లేదు. ఇది తప్పా ఒప్పా అని ఆటోలో అడిగాను. పెద్ద సిస్టర్ బయటికి చూసింది. ఆదిభట్ల కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తున్నాయి, అద్దాల వెనక మనుషులు నిద్రపోతూ. "రెండూ," అంది. అంతే అంది.

ఆ నెలంతా ఆమె ఫోను పక్కన పెట్టలేదు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కూడా కోటు జేబులోనే ఉండేది. నేను చిట్టీలు రాశాను, అట్ట జరిపాను, చిట్టీలు రాశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయి అన్నం డబ్బాలు తెరిచాం. ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తి "హలో" అంది. వింటూ వింటూ ఫోను తెచ్చి నా చెవికి ఆనించింది. పసిపిల్ల ఏడుపు. ఆ ఏడుపు పక్కనుంచి ఒక ఆడగొంతు, "సిస్టర్, సిస్టర్" అని.

పెద్ద సిస్టర్ ఫోను తీసుకుని, పాలు తాగుతున్నదా అని హిందీలో అడిగింది. నీ బీపీ ఎక్కడైనా చూపించుకో, మరువకు అని చెప్పింది. ఇంకేమీ అడగలేదు. అటునుంచి ఫోను ఆగిపోయింది.

"గొంతు మంచిగున్నదే. ఊపిరి ఫుల్లుగున్నది," అని ఫోను నా ముందు పెట్టింది. "గీ నంబరు ఎట్ల తీసేస్తరు? నాకు రాదు. జర తీసెయ్యి."

"మల్ల చేస్తె ఎవరో ఎట్ల తెలుస్తది సిస్టరమ్మా?"

"ఏడిస్తె తెలుస్తది. తీసెయ్."

నా కుడిచేతికి అన్నం అంటుకుని ఉంది. ఎడమ బొటనవేలితో ఆ నంబరు మీద నొక్కి పట్టాను. తీసేయమంటావా అని ఫోను అడిగింది. అవునన్నాను. ఆ వరస పోయి, కింది వరస పైకి జరిగింది.