నాగేశ్వర్లు మామ చూసిన సుడి

మా నాగేశ్వర్లు మామకు ఒకటే పిచ్చి. సుళ్ళు. పశువు ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు కనిపిస్తే చాలు, అది ఏ ఇంటిని నిలబెడుతుందో, ఏ ఇంటిని ముంచుతుందో అక్కడికక్కడే చెప్పేస్తాడు. ఎద్దుల్ని కొనేముందు సుళ్ళు చూడడం మా వైపు మామూలే. కానీ మామ రైతు కాదు. మార్కాపురంలో పలుపులు, ముకుతాళ్ళు, మెడగంటలు అమ్మే దుకాణదారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మేకనైనా కట్టేసిన పాపాన పోలేదు. అయినా పలుపు కోసం వచ్చినవాడు ఎద్దును కూడా తోలుకొచ్చాడా, మామ బేరం పక్కన పెట్టి దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తాడు.

పశువులతో సరిపెట్టుకుని ఉంటే మాకీ తిప్పలు ఉండేవి కావు. పోయినేడు నన్ను చూసుకోవడానికి కనిగిరి నుంచి పెళ్ళివారు వచ్చారు. అబ్బాయికి బట్టల దుకాణం, రెండంతస్తుల మేడ. నాన్న మనసులో అప్పటికే భోజనాల లెక్క నడుస్తోంది. అంతలో మామ జేబులో పెన్ను జారి పెళ్ళికొడుకు కాళ్ళ దగ్గరికి దొర్లింది.

"నా నడుము వంగదు. కొంచెం తీసిస్తావా నాయనా?"

ఆ అబ్బాయి వంగాడు. మామ కళ్ళజోడు సవరించుకుని ఆ నడినెత్తిని చూసి "అయ్యో" అన్నాడు. పెన్ను మళ్ళీ పడింది. అబ్బాయి మళ్ళీ వంగాడు. ఈసారి "అయ్యయ్యో" అన్నాడు. నెత్తిన రెండు సుళ్ళట! రెండు సుళ్ళున్నవాడికి రెండు పెళ్ళిళ్ళని మా వైపు నమ్మకం. సంబంధం అక్కడితో ఆగిపోయింది. నాన్న వారం రోజులు మామతో మాట్లాడలేదు.

నేను నా జీతంతో కారు కొన్నప్పుడూ ఇదే తంతు. "ఆడపిల్లకు కారేంది? రేపే వాపసు ఇచ్చేయ్" అని నాన్న వాకిట్లో నిలబడి కేకలు వేస్తున్నాడు. మామ టార్చిలైటు పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టి, ఒళ్ళు గగుర్పొడిచినట్టు వెనక్కి తీశాడు.

"బావా, దీనికి రాజసుడి ఉంది. వాపసు ఇస్తే ఆ షోరూమోడు కోటీశ్వరుడైపోతాడు. ఇంక నీ ఇష్టం."

ఎవరో షోరూమువాడు బాగుపడడం నాన్నకు సుతరామూ ఇష్టం లేదు. కారు ఉండిపోయింది.

అలాంటి మామకు జీవితంలో ఒకే ఒక్క కోరిక. ఒంగోలు గిత్తల సీమను కళ్ళారా చూడాలని. నలభై ఏళ్ళుగా ఆ గిత్తల మెడలకు పలుపులు అమ్మాడే గాని, అవి పుట్టిన పల్లెలు తిరిగింది లేదు. మొన్న ఆదివారం నా కారులోనే బయలుదేరాం. రామతులసమ్మ అత్త పులిహోర డబ్బా ఇస్తూ నా చెవిలో చెప్పింది.

"దోవలో గొడ్డు కనపడితే ఆయన కండ్లు మూసెయ్యవే. లేకుంటే పొద్దుగూకినా పొదిలి దాటరు."

ఊరు దాటామో లేదో మామ లేని బ్రేకును కాలితో తొక్కుతూ అరిచాడు.

"ఆపు, ఆపు!"

చూస్తే గట్టు మీద గేదె.

"బర్రెకు కూడా చూస్తావా మామా?"

"ఏం, బర్రె ఏం పాపం చేసింది?"

ఇరవై నిమిషాలు దాని చుట్టూ తిరిగాడు. అది నెమరేస్తూనే ఉంది గాని ఈయన్ని పట్టించుకోలేదు.

తర్వాత ముందొక లారీ. వెనక తలుపు మీద ఎద్దు బొమ్మ. లారీ కాస్త అటూ ఇటూ పోతోంది. మామ సీటులో నిటారుగా లేచాడు.

"దాటు, దాటు! హారన్ కొట్టు! ఆ పెయింటరు కొంప ముంచినాడు పాపా. మూపురం వెనక జారుడు సుడి ఏసినాడు!"

"బొమ్మే కదా మామా."

"బొమ్మయినా సరే! జారుడు సుడి ఉన్న గొడ్డును వాకిట్లోకి కూడా రానీకూడదు. నీళ్ళుండవు, గింజలుండవు, ఇంటి దీపమే ఉండదు!"

మా ఇంట్లోవాళ్ళకు పంపుదామని, మామ అరవడం మొదలెట్టగానే ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. లారీని మూడుసార్లు దాటి, చెయ్యి ఊపి, చివరికి ఆపించాం. డ్రైవరు ఎర్రటి కళ్ళతో దిగాడు.

"ఏంది పెద్దాయనా, చక్రమేమన్నా ఊడిందా?"

"చక్రం కాదు నాయనా, ఎద్దు. నీకట్ల కనపడదులే. ముందు మొహం కడుక్కో, బాగా కడుక్కో. అప్పుడు చూడు."

ఆ డ్రైవరు పేరు సుందరరాజు. పాపం, మొహం కడుక్కున్నాడు, సుడి చూశాడు, మా పులిహోర సగం తిన్నాడు, మామ చెప్పిన సుళ్ళ చరిత్రంతా అరగంట విన్నాడు. పెయింటరును వెతికి పట్టుకుంటానని మాటిచ్చి వెళ్ళాడు.

పొదిలి దాటేసరికి మిట్టమధ్యాహ్నమైంది. రోడ్డు పక్క ఇంటి ముందు తెల్లటి కోడె కట్టేసి ఉంది. ఈసారి మామ అరవకముందే నేనే ఆపాను, అంత అందంగా ఉంది. దాని మెడ కరుచుకుని ఒక అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అరుగు మీద పెద్దాయన మామను చూడగానే లేచాడు.

"మార్కాపురం తాళ్ళ శెట్టిగారు గదా! దేవుడల్లే వచ్చినావు. సుడి చూసే చెయ్యి నీది."

ఆయన కొండయ్య. ఆ అమ్మాయి కోడలు పద్మజ. తల్లి ఆవు చచ్చిపోతే, ఆ కోడెను సీసాతో పాలు పట్టి పెంచింది. అది పుట్టిన రెండేళ్ళలో కొండయ్యకున్న నాలుగు బోర్లలో రెండు ఎండిపోయాయి. దాన్ని బేరమాడ్డానికి వచ్చిన ప్రతివాడూ వీపు చూసి వెనక్కి పోయాడు. ఇక లాభం లేదని కొండయ్య కబేళాకు ఒప్పుకున్నాడు. ఇంకో గంటలో వ్యాను వస్తుంది.

"సుడి చెడ్డదంటన్నారు శెట్టీ. కోడలి పాదం కూడా అట్లాంటిదే అంటన్నారు. నువ్వు చూసి ఒక మాట చెప్పు. నీ మాటే ఖాయం."

పద్మజ తలెత్తలేదు. మామ కళ్ళజోడు పంచెతో తుడిచి కోడె దగ్గరికి వెళ్ళాడు. పళ్ళు చూశాడు, గంగడోలు నిమిరాడు, మూపురం వెనక చెయ్యి పెట్టి ఆగిపోయాడు. నేనూ చూశాను. అచ్చం లారీ మీద బొమ్మలో ఉన్నట్టే, వెన్నుకు ఒక పక్కగా జారిన సుడి. ఈ మనిషి నోరు తెరిస్తే ఆ కోడె పని అయిపోయినట్టే.

మామ చెప్పులు విప్పి ఆ కోడెకు దండం పెట్టాడు.

"కొండయ్యా, మా తాత చెప్పగా విన్నానే గాని కంటితో చూడడం ఇదే మొదలు. ఇది ఇల్లు కాపాడే సుడి. దీన్ని అమ్మకూడదు."

"అదేంది శెట్టీ! రెండు బోర్లు ఎండిపోయినాయే?"

"రెండేనా? ఇది లేకపోయింటే నాలుగూ ఎండేవి!"

కొండయ్య పచ్చగా ఉన్న తన చేనుకేసి చూసుకున్నాడు. మిగిలిన రెండు బోర్లూ పోస్తూనే ఉన్నాయి.

"ఇంకో మాట. ఈ సుడికి మేతేసే చెయ్యి మారకూడదు. ఆ పాప చెయ్యి చల్లగా ఉంటేనే ఇల్లు చల్లగుంటాది. ఆ పాపను ఒక మాటన్నారా, నా పూచీ లేదు."

కొండయ్య వ్యానువాడికి రావద్దని ఫోన్ చేశాడు. పద్మజ మాకు చెంబులతో మజ్జిగ తెచ్చి, మామను "నాయనా" అని పిలిచి, మళ్ళీ ఏడ్చింది. ఆ కోడె కూడా మామ చొక్కా చేతిని సగం నమిలింది.

కారెక్కగానే ఫోన్ తీసి రికార్డింగు పెట్టాను. "జారుడు సుడి ఉన్న గొడ్డును వాకిట్లోకి కూడా..."

"అది ఆపు ముందు."

"అదే సుడి కదా మామా?"

మామ కిటికీలోంచి బయటికి చూశాడు.

"నలభై ఏండ్లు చూసినా పాపా. సుడి యాడుంటే ఏంది? గొడ్డుకు మేత, నీళ్ళు, ఒక మంచి చెయ్యి. అంతే. అయితే ఆ మాట చెబితే ఎవురింటారు? సుడి అంటే ఇంటారు."

నాకేదో అనుమానం తగిలింది.

"కనిగిరి పెండ్లికొడుక్కి ఎన్ని సుళ్ళు మామా?"

"ఒకటే. నిక్షేపమైన సుడి."

"మరి?"

"నువ్వు కాఫీలు తెస్తా ఉంటే నీ మొహం చూసినా."

నాకు నవ్వొచ్చింది. నాన్నకు వద్దని చెప్పే ధైర్యం లేక ఆ రోజు నేను వంటింట్లో ఎంత ఏడ్చానో ఎవరికీ తెలియదనుకున్నాను. ఇప్పుడు నడుపుతున్న కారు సంగతి అడగనే అక్కర్లేదు. మా మామ అంటే నాకు ప్రాణం, ఆ మాట ఇన్నాళ్ళూ ఆయనకు చెప్పలేదు. అప్పుడే చెప్పేశాను.

"రోడ్డు చూసి నడుపు" అన్నాడు.

"మరి ఆ లారీ? బొమ్మ కోసం మూడుసార్లు ఎందుకు దాటించావు?"

"సుందరరాజు కునుకు తీస్తన్నాడు గదా. బండి అటూ ఇటూ పోతాంటే చూడలేదా నువ్వు? నిద్రపోవద్దంటే నా మీద అరుస్తాడు. ఎద్దంటే దిగి మొహం కడిగినాడు."

ఒంగోలు ఇంకా నలభై కిలోమీటర్లు ఉంది. నేను ఉదయం నుంచి జరిగినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఒకటి మాత్రం మిగిలింది.

"మామా, మరి ఆ బర్రె? దాని వెనక ఏం కథ?"

"బర్రెకేం కథ? ఊరికే చూసినా" అన్నాడు మామ. "బాగుంది."