పసుపెక్కిన గుంట

ల్యాబులో ఆయన్ని పాలాయన అంటారు. పాలు అమ్మడు, తాగనూ తాగడు. పాలపొడి కలిపి చిన్నచిన్న గుంటలున్న ప్లేట్లలో పోస్తాడు, అంతే. ఒక్కో గుంట అడుగున ఒక్కో జబ్బు ఆనవాలు, అంటే యాంటిజెన్, అంటించి ఉంటుంది. దానిమీద తెల్ల రక్తకణాల సారం పోస్తే, ఆ జబ్బును ఎరిగిన సారమైతే గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఆపైన మందు వేస్తే ఆ గుంట పసుపెక్కుతుంది. ఖాళీ జాగాలను ముందుగా పాలతో కప్పకపోతే మాత్రం సారం అడ్డమైన చోటల్లా అంటుకుంటుంది. ఇంత చదువూ చదివింది పాలు పొయ్యడానికా అని ఆయనే తనమీద జోకులేసుకునేవాడు.

పోల్చి చూడ్డానికి గవదబిళ్ళలు రానివాళ్ళ రక్తం కావాలని ల్యాబు నడిపే మేడమ్ అంటే, అడక్కముందే చెయ్యి చాచాడు. ఏ రోగమూ ఎరగని ఒళ్ళని ఆయనకి మహా గొప్ప. పిల్లల కోసం భార్య ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూ, మీరూ ఒక్కసారి చూపించుకోండి అన్నప్పుడల్లా, ల్యాబువాడికే పరీక్షా అని నవ్వేసేవాడు.

తన సారం పోసిన ప్లేటు మొత్తం పసుపెక్కింది. తీరా చూస్తే పాలు పొయ్యడమే మరిచాడు. పాలాయనకి పాలు మరుపు! తలకాయ ఉన్నది దువ్వుకోడానికే, ఆ జుట్టూ మిగల్లేదని తిట్టుకుని మళ్ళీ చేశాడు. ఈసారి ఏ గుంటకీ రంగు రాలేదు, గవదబిళ్ళల గుంటకి తప్ప. పాలు చిక్కగా కలిపి ఇంకోసారి చేశాడు. మళ్ళీ అదే గుంట.

"పాలు చాల్లేదు మేడమ్," అన్నాడు.

"పాలదేం లేదండీ. మీ సారం దాన్ని గుర్తుపట్టింది. మీకే గుర్తు లేదు."

అప్పుడు జ్ఞాపకమొచ్చింది. మీసాలొచ్చే వయసులో పన్నుపోటని మంచం పట్టాడు. రెండు బుగ్గలూ వాచాయి. రెండువైపులా ఒకేసారి పన్నుపోటేమిట్రా అని అడిగే తెలివి అప్పుడు లేదు సరే, యాంటిజెన్లతో కాపురం చేస్తూ ఇన్నేళ్ళూ రాలేదే! ఆ వయసులో గవదలొస్తే ఒక్కోసారి మగవాడి సంతానానికే దెబ్బని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది కూడా తనే. తనకి తగిలిందో లేదో చూపించుకుంటేగా తెలిసేది.

ఇంట్లో ఏదో హాస్యంగా మొదలుపెడదామనుకున్నాడు. ఆ హాస్యం మానేశాడు. మందులు వేసుకోబోతున్న భార్యకి పన్నుపోటు సంగతంతా చెప్పాడు. "రేపు పరీక్షకి నేనొస్తా. ఎప్పుడో రావాల్సింది," అన్నాడు.

అరుస్తుందనుకున్నాడు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది.

"లోపం నాదేనని మా అమ్మక్కూడా చెప్పేశానండీ," అంది. "మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనకూడదని."