పెద్దాయన షాపు తీసేసుకున్నాడు

దేశాలేలినవాళ్ల ఇళ్లు బయటి నుంచైనా చూడటం నాకో పిచ్చి. యాంగోన్, అంటే పాత రంగూన్, వెళ్లింది అందుకే. బర్మాను పాతికేళ్లకు పైగా గుప్పిట్లో పెట్టుకున్న ఒక జనరల్ ఇల్లు అక్కడ సరస్సు ఒడ్డున ఉంది. శ్రీకాకుళంలో బయల్దేరుతుంటే నాన్న ఇంకో పని తగిలించాడు. అక్కడ తాకేటా అనే పేటలో అప్పలమ్మ పిన్ని ఉందట, వాళ్ల నాన్న మన షాపు ఎందుకు కాజేశాడో అడిగి రమ్మన్నాడు. పిన్ని తండ్రి మా నానమ్మకు అన్న. ఇంట్లో అందరూ పెద్దాయన అనేవారు. రంగూన్‌లో షాపు నడిపిన తాత, ఊరికి తిరిగొచ్చేటప్పుడు దాన్ని ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. తర్వాత ఓడలో వచ్చిన ఒకతను "పెద్దాయన షాపు తీసేసుకున్నాడు" అని కబురు తెచ్చాడు. అంతటితో రాకపోకలు తెగిపోయాయి.

పొద్దున్నే టీకొట్టులో మొహింగా తిన్నాను. నూడుల్స్ మీద చేపల పులుసు పోసిస్తారు, బాగుంటుంది. సరస్సు చూపించి తాకేటాలో దించడానికి టాక్సీ పదిహేను వేల చ్యాట్లకు కుదిరింది. బేరం ఎక్కేముందే ఆడాలి. ఆ జనరల్ ఒక పోస్టాఫీసులో గుమాస్తాగా మొదలై, సైన్యానికి అధిపతై, ఆఖరికి దేశాన్నే చేజిక్కించుకున్నాడు. సరస్సు ఒడ్డున నాకు కనిపించింది మాత్రం ఆ ఇంటి గోడా, చెట్లూ. తర్వాతి జనరల్స్ ఆయన్ని ఆ ఇంట్లోనే నిర్బంధించారనీ, అక్కడే పోయాడనీ డ్రైవర్ చెప్పాడు.

వంతెన దాటి తాకేటాలో ఆగగానే అలవాటుగా ఎడమ తలుపు తీయబోయాను. డ్రైవర్ చప్పున నా చెయ్యి పట్టుకున్నాడు. పక్కనుంచి బస్సు రాసుకుంటూ పోయింది. ఎడమవైపు నడిచే బళ్లను కుడివైపుకు మార్చింది కూడా ఆ జనరలేనట. స్టీరింగులు మాత్రం పాత చోటే ఉండిపోయాయి.

పిన్నిని ఇరుగుపొరుగు డా న్యో అని బర్మా పేరుతో పిలుస్తారు. ఇంటికి వెళ్లగానే తియ్యటి టీ ఇచ్చింది. తటపటాయిస్తూనే ఆ కబురు చెప్పి షాపు సంగతి అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"ఏటి బాబూ, మా నాన్న తీసినాడనుకున్నారా? పెద్దాయనంటే ఆ జనరల్. ఆడి పేరు పైకి అనడానికి బయం. బర్మావోళ్లూ, మేవూ అలాగే అనీవోళ్లం."

షాపులన్నీ సర్కారుపరం చేసినప్పుడు సిపాయిలు మా షాపుకూ తాళం వేశాక, వాళ్ల నాన్న రేవులో మూటలు మోశాడట. పోయేదాకా ఊరి నుంచి మాట కోసం చూశాడట.

"మీ తాత ఒక్కపాలైనా మా నాన్న గురించి అడిగినాడా?" అంది.

లేదన్నాను. సిగ్గేసింది. అక్కడి నుంచే నాన్నకు ఫోన్ చేసి విషయం చెప్పాను.  ఆయన ఫోన్ ఆవిడకిమ్మన్నాడు. పిన్ని చెవికి పెట్టుకుని, "బావా, మా నాన్న తియ్యనేదు" అని మాత్రం అంది.

ఆ జనరల్ మా నుంచి తీసుకున్నది షాపు ఒక్కటే. మనుషుల్ని పోగొట్టుకున్నది మేమే. ఆ కబురు నిజమేనా అని ఇంకొకర్ని అడిగి ఉంటే సరిపోయేది.

వెళ్లేవారికి ఒక్క సలహా: టాక్సీలో వెనకసీట్లో కుడివైపు కూర్చోండి, ఆ తలుపు తీసుకునే దిగండి. పెద్దాయన మార్చిన రోడ్డు ఇంకా అలాగే ఉంది.