పట్టుగూళ్ల కిరీటం

మా వదిన సిద్దమ్మకు సినిమా అంటే ఒళ్లు మంట. అయినా 1979లో పుంగనూరులో మా హీరో అభిమానుల సభలో వేషాల పోటీకి నేను రాజు వేషం వేస్తానంటే, కిరీటం చేసిచ్చింది ఆవిడే. వెదురు బద్దలు వంచి, తాను పెంచిన పసుప్పచ్చటి పట్టుగూళ్లను బంగారు గుండ్లలా వరసగా కట్టింది.

"రెండు దినాలు ఎండలో పెట్టు చిన్నప్పా, లోపల పురుగులు బతికే ఉండాయి" అని మరీ చెప్పింది. రంగు వెలిసిపోతుందని నేను పెట్టెలో దాచాను.

తీరా వేదిక ఎక్కాక, గూళ్లకు కన్నాలు చేసుకుని తెల్లటి రెక్కల పురుగులు నా నుదుటి మీదికి పాకాయి. జనం పగలబడి నవ్వారు. సిగ్గుతో కిరీటం తీయబోయాను.

ఆడవాళ్ల వరసలోంచి వదిన లేచి అరిచింది. "తీసినావంటే సూడు! రాజువి కదప్పా, నిలబడు!"

నిలబడ్డాను.

ప్రైజు ఎవరిదో అట్టకిరీటానికి పోయింది. వదిన కిరీటాన్ని ఒడిలో పెట్టుకుని బస్సులో మా ఊరు నిమ్మనపల్లెకు తెచ్చింది. పురుగులు దాని నిండా గుడ్లు పెట్టాయి. పక్షం తిరిగేసరికి నా కిరీటం మా ఇంట్లో మల్బరీ ఆకు మేస్తోంది.

నా పెళ్లికి కట్టుకున్న పట్టుపంచె ఆ పంటదే. వదిన చలవతో, రాజు వేషం నాకు సరిగ్గా కుదిరింది ఆ పెళ్లి రోజే.