పదిహేడో మేకు

ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప పార్కులో ఇంకెక్కడా వినిపించేది కాదు. పిల్లలు 'బిళ్లల టీచర్' అన్నారు. పిల్లల నోట్లో పడ్డాక ఇంకేం పేరు మిగులుతుంది? తోటమాలి, టికెట్ల గుమస్తా, ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా వేళాకోళానికి అలాగే పిలిచేవాడు. నిజం చెప్పాలంటే ఆవిడ టీచరే కాదు. నర్సరీలో మొక్కలకు నీళ్లు పట్టడానికి చేరిన మనిషి. ఒకరోజు బడిపిల్లలకు చెట్ల గురించి చెప్పే అతను పనిలోకి రాలేదు. గేటు దగ్గర బస్సు నిండా పిల్లలు, ఒకటే గోల. ఆ గోల భరించలేక సూపరింటెండెంటు, "నువ్వే ఏదో ఒకటి చెప్పి పంపించవమ్మా" అన్నాడు. చేతిలో ఉన్న నీళ్ల గొట్టం అక్కడే పడేసి వెళ్లింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు మళ్లీ ఆ గొట్టం ముట్టుకోలేదు.

చెప్పడం అంటే అలాంటిలాంటి చెప్పడమా! కళ్లు మూసుకోమని, ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టి, ఇది ఏ చెట్టో చెప్పమనేది. ఎండిన కాయను చెవి దగ్గర ఆడించి, లోపల ఎన్ని గింజలున్నాయో పందెం వేయించేది. చీమల బారు పక్కన పిల్లల్ని బోర్లా పడుకోబెట్టేది. యూనిఫారాలు మట్టికొట్టుకుపోయాయని తల్లులు మొత్తుకునేవాళ్లు. అయినా ఏటేటా బస్సులు పెరిగాయే గాని తగ్గలేదు.

పిల్లలంటే పిల్లలా, పిడుగులు. నలభై మందిని ఒకచోట నిలబెట్టి లెక్కపెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చేది. పార్కు నిబంధన ప్రకారం లోపలికి వచ్చేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు పేరు పిలిచి, మొహం చూసి, పట్టీలో గుర్తు పెట్టుకోవాలి. ఒకడు పలికేలోపు ఇద్దరు పారిపోయేవాళ్లు. ఆవిడ మొగుడు వడ్రంగి. ఇంట్లో ఈ గోడు వినీ వినీ విసిగిపోయి, పాత తలుపు చెక్క ఒకటి చిత్రిక పట్టి, వరసగా నలభై మేకులు కొట్టి, ఒక్కోదాని కింద అంకె వేసి ఇచ్చాడు. మేకుకో చెక్క బిళ్ల, బిళ్లకో తాడు. లోపలికి వెళ్తూ పిల్లవాడు తన అంకె బిళ్ల మెడలో వేసుకోవాలి, బయటికి వస్తూ అదే మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే పిల్లవాడింకా లోపలే ఉన్నాడన్నమాట. ఒక్క చూపుతో లెక్క తేలిపోయేది. పట్టీలు సొరుగులోకి వెళ్లిపోయాయి. చూడవచ్చిన పెద్ద ఆఫీసరు కూడా బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఇంక ఆవిణ్ణి పట్టేదెవరు?

అయితే ఒకటి చెప్పుకోవాలి. ఇన్నేళ్లలో ఒక్క మేకు ఖాళీగా ఉండగా ఆవిడ బస్సు కదలనివ్వలేదు. ఒకసారి వెదురు పొద వెనక నిద్రపోయిన బుడతడి కోసం గంటన్నర బస్సు ఆపేసింది. డ్రైవరు హారన్ మోగిస్తుంటే వెళ్లి తాళంచెవి లాక్కుంది. "నా మేకు నిండితేగాని నీ చక్రం తిరగదు" అంది. ఆ మాట పార్కులో చాలా రోజులు చెప్పుకున్నారు. ఆవిడకూ ఆ మాటంటే గర్వమే. ఆవిడ బతుకులో గర్వపడడానికి ఉన్నది కూడా అదొక్కటే.

వానలు తగ్గిన కొత్తలో ఒక బడి నుంచి మూడో తరగతి పిల్లలు ముప్పై నలుగురు వచ్చారు. కొలను నిండుగా ఉంది. దాని కంచె ఒక మూల కూలిపోయి రెండు నెలలైంది. ఆవిడ రెండుసార్లు ఆఫీసులో చెప్పింది. "చూద్దాం" అన్నారు. చూస్తూనే ఉన్నారు.

ఆ గుంపులో ఒక ప్రశ్నల పుట్ట ఉన్నాడు. పదిహేడో బిళ్ల. పొద్దుటి నుంచి ఆవిడ కొంగు వదల్లేదు.

"టీచర్, కప్పలు ఎక్కడ పడుకుంటాయి?"

"నీళ్ల ఒడ్డున, బురదలో."

"మంచం ఉండదా?"

"నీకైతే మీ నాన్న కొన్నాడు. దానికెవరు కొంటార్రా?"

అందరూ పకపకా నవ్వారు. వాడు నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు. వాడి జోడీ రెండు జడల పిల్ల. పద్దెనిమిదో బిళ్ల. మాట పెదవి దాటని పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. భోజనాలయ్యాక అరగంట ఆటకు వదిలారు. అప్పుడు వాడు మెడలో బిళ్ల తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "తడిసిపోతుంది, పట్టుకో. కప్ప మంచం చూసి ఇప్పుడే వస్తా" అన్నాడు.

ఈల వేయగానే పిల్లలు బోర్డు మీద పడ్డారు. "ఎవరి మేకు ఖాళీగా ఉంటే వాళ్లకు నా చేతిలో తిట్లే!" అని ఆవిడ ఎప్పటిలాగే బెదిరించింది. అది ఉత్త బెదిరింపని పెద్దవాళ్లకు తెలుసు. ఆ పిల్లకేం తెలుసు? వాడు రాలేదు, వాడికి తిట్లు పడతాయి. తన బిళ్ల తన మేకుకు, వాడి బిళ్ల వాడి మేకుకు తగిలించి, బుద్ధిగా బస్సెక్కి, పక్క సీటులో వాడి కోసం సంచీ పెట్టి చోటు ఉంచింది. వెనక నుంచి ఇద్దరు తోసుకొచ్చి ఆ చోట్లో కూర్చున్నారు.

క్లాసు టీచరు కొత్తగా చేరిన అమ్మాయి. "పేర్లు పిలవమంటారా అండీ?" అని అడిగింది కూడా.

ఆవిడ బోర్డు వైపు ఒక్క చూపు చూసింది. నిండుగా ఉంది. "మా మేకులు అబద్ధం చెప్పవమ్మా. బయల్దేరండి" అంది.

నాలుగున్నరకు బడి నుంచి ఫోను వచ్చింది. పదిహేడో బిళ్ల వాళ్లమ్మ బడి గేటు దగ్గర నిలబడి ఉందట, పిల్లవాడు దిగలేదట. ఆవిడ పరుగెత్తింది, కానీ ఎక్కడికి? కొలను దగ్గరికి కాదు, బోర్డు దగ్గరికి. పదిహేను, పదహారు, పదిహేడు. ఉంది. వెనక్కొచ్చి ఫోనులో, "ఇక్కడ లేడండీ, బిళ్ల ఇచ్చేశాడు" అని గట్టిగా చెప్పింది. ఆ మాట నమ్మి బడి వాళ్లు, తండ్రి, పోలీసులు గంటసేపు బడి చుట్టుపక్కల వీధులన్నీ గాలించారు. చివరికి తోటమాలికే కనిపించాయి, కూలిన కంచె పక్కన బుల్లి బూట్లు. లోపల మేజోళ్లు మడిచి పెట్టి ఉన్నాయి. ఇంకేం చెప్పమంటారు? కొలనులోంచి తీశారు.

వాడి బిళ్ల తగిలించింది తనేనని రెండు జడల పిల్ల ఆ రాత్రే చెప్పేసింది. రెండో రోజు సూపరింటెండెంటు ఆవిణ్ణి గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కంచె సంగతి బయటికొస్తే తన మెడకు చుట్టుకుంటుందని అతని భయం. ముందే రాయించిన కాగితం ఆవిడ ముందుకు తోశాడు. 'ఒక విద్యార్థిని రెండు బిళ్లలు తగిలించి తప్పుదోవ పట్టించడం వల్ల లెక్క తప్పినది.'

"ఎనిమిదేళ్ల పిల్లను ఎవరేం చేస్తారమ్మా? కేసా, పాడా? నీకింకా రెండేళ్ల సర్వీసుంది. సంతకం పెట్టు."

పెట్టింది.

ఇంటికి వెళ్లి చెబితే మొగుడు అన్నం కంచం పక్కకు జరిపాడు. "మేకులు కొట్టింది నేను. మొహాలు చూడ్డం మానేసింది నువ్వు. కాగితం మీద పసిదెందుకు ఉంది?" అన్నాడు. ఆ తర్వాత మొగుడు ఆవిణ్ణి బిళ్లల టీచరని పిలవలేదు.

ఎనిమిదో రోజు విచారణ. సూపరింటెండెంటు గదిలోనే. బల్ల వెనక పై ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి, పక్కన సూపరింటెండెంటు. గోడ వారగా కుర్చీల్లో ఆవిడ, క్లాసు టీచరు. కిటికీ దగ్గర కుర్చీలో చనిపోయిన పిల్లవాడి తల్లి, ఒళ్లో బుల్లి బూట్ల సంచీ. రెండు జడల పిల్లను వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇవాళ జడలు లేవు. తల దువ్వనివ్వడం లేదని, అన్నం ముట్టడం లేదని వాళ్లమ్మ చెప్పింది. "బళ్లో పిల్లలు నువ్వే చంపావంటున్నారట సార్" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విచారణాధికారి మంచివాడే, మెల్లగా అడిగాడు. "రెండో బిళ్ల నువ్వే తగిలించావా పాపా?"

"నేనే. వాణ్ణి తిడతారని."

ఆ పిల్ల ఆయన వైపు చూడడం లేదు, ఆవిడ వైపే చూస్తోంది. "టీచర్, నేను తగిలించకపోతే మీరు వాణ్ణి వెతికేవాళ్లా?"

ఆవిడ వెతికేదే. బస్సు తాళం లాక్కునేది. కంచె కూలిందని తెలుసు కాబట్టి ముందు కొలను దగ్గరికే పరుగెత్తేది. ఒకవేళ అప్పటికింకా... అది ఆలోచించలేకే ఎనిమిది రోజులుగా ఆవిడకు కంటి మీద కునుకు లేదు. నిజం చెబితే ఈ పిల్ల ఆ నిజాన్ని మోసుకుంటూ పెద్దదవుతుంది, పెళ్లి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది, ముసలిదవుతుంది.

ఆవిడ లేచి వెళ్లి పిల్ల ముందు గొంతుకూర్చుంది.

"లేదు తల్లీ. ఆ రోజు నేనసలు బోర్డు చూడలేదు. తొందరలో ఉన్నాను. మేకు ఖాళీగా ఉన్నా బస్సు పంపేసేదాన్నే. నువ్వు తగిలించినా, తగిలించకపోయినా ఒకటే."

"నిజంగా?"

"నిజంగా."

"ఏం మాట్లాడుతున్నావమ్మా!" సూపరింటెండెంటు సగం లేచాడు. "నువ్వు సంతకం పెట్టిన కాగితం ఇక్కడుంది!"

"ఆ కాగితం చించేయండి. పేర్లు పిలవాలని నిబంధన ఉంది, నేను ఎప్పుడో మానేశాను. ఈవిడ పిలుస్తానన్నా వద్దన్నాను. బోర్డూ చూడలేదు. రాసుకోండి. కంచె కూలిందని రెండుసార్లు చెప్పాను, అదీ రాసుకోండి."

విచారణాధికారి కలం ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు. "ఇది రాస్తే మీ ఉద్యోగం పోతుంది. కేసు కూడా మీ మీదే పడుతుంది. తెలుసుగా?"

"తెలుసు సార్."

క్లాసు టీచరు నోరు తెరవబోయింది. ఆ రోజు ఆవిడ బోర్డు చూడడం తను కళ్లారా చూసింది మరి. ఆవిడ కళ్లతోనే వారించింది. ఆ అమ్మాయి తల దించుకుంది.

రెండు జడల పిల్ల వాళ్లమ్మ వైపు తిరిగి, "అమ్మా, మంచినీళ్లు" అంది. వాళ్లమ్మ బావురుమంది. చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిపించింది.

అప్పుడు కిటికీ దగ్గరి తల్లి లేచింది. ఎవరినీ తిట్టలేదు. బూట్ల సంచీ గుండెకు అదుముకుని దగ్గరికొచ్చింది.

"మేకు ఖాళీగా ఉన్నా చూసేదానివి కాదా?" అంది. "బళ్లో విని వాడు రోజూ నీ గురించే చెప్పేవాడు, పార్కుకు వెళ్తామని అన్నప్పటి నుంచీ. నా కొడుకు రాలేదని బోర్డు చెబుతున్నా, పొమ్మనేదానివా?"

బిళ్లల టీచరు ఆ తల్లి మొహంలోకి చూసింది. వెదురు పొద, బస్సు తాళం, ఇరవై రెండేళ్లు, అన్నీ నోటి చివరిదాకా వచ్చాయి. తలుపు ఇంకా మూసుకోలేదు. గుమ్మంలో ఆ పిల్ల ఆగి, వెనక్కి తిరిగి వింటోంది.

"అవునమ్మా" అంది. "పొమ్మనేదాన్ని."